దిగుడులో తెలిసే డ్రైవింగు

కొత్తగా కారు నేర్చుకున్న ఏ కుర్రాడినైనా కదిలించి చూడండి. "టాప్ గేర్ దాకా వేశాను మామయ్యా" అంటాడు. "థర్డ్ నుంచి సెకండ్‌కి కుదుపు లేకుండా దించాను" అని చెప్పుకునేవాడు నాకింతవరకూ తగల్లేదు. గేర్లు ఎక్కించడం ఘనకార్యం, దించడం గత్యంతరం లేక చేసే పని అన్నట్టు నేర్పుతున్నాం, అలాగే నేర్చుకుంటున్నాం. నా లెక్క వేరు. బండి నడపడం వచ్చో రాదో గేరు తగ్గించేటప్పుడు బయటపడుతుంది. ఎక్కించేటప్పుడు కాస్త అటూ ఇటూ అయినా బండి సర్దుకుపోతుంది. దించేటప్పుడు సర్దుకోదు. తల ముందుకు ఊగుతుంది, వెనక సీట్లో కునుకు తీస్తున్న పెద్దావిడ "నిదానం నాయనా" అంటుంది.

ఇది నా ఒక్కడి చాదస్తం అనుకోకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. డ్రైవింగ్ పరీక్షకు వచ్చినవాళ్లు ఏమేం చేసి చూపించాలో వాటిలో 15వ నిబంధన వరసగా చెబుతుంది. బండి కదిలించి టాప్ గేర్ దాకా వెళ్లాలి. రోడ్డు మీద రద్దీని బట్టి టాప్ నుంచి కింది గేర్లకు చప్పున దిగాలి. పల్లంలోకి పోయేటప్పుడు వెంటనే గేరు తగ్గించాలి. నిటారు ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. ఈ నాలుగింట్లో ఎక్కించడానికి దక్కింది ఒక్క వాటా. మిగిలిన మూడూ తగ్గించడం గురించో, వాలు గురించో. రాసినవాళ్లకు సంగతి తెలుసు. మన దగ్గర చాలాచోట్ల జరిగే పరీక్ష మాత్రం స్కూటరుకు ఎనిమిది అంకె, కారుకు హెచ్ అక్షరం. చదును నేల మీద ఫస్ట్‌లో మొదలై సెకండ్ దాటకుండానే ముగిసిపోతుంది. ఎల్ఎల్ఆర్ కాగితం కాస్తా లైసెన్సు కార్డు అవుతుంది. ఆ కార్డుతో మనవాడు నేరుగా శ్రీశైలం బయల్దేరతాడు.

గేరంటే వేగం అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. గేరంటే ముందు బలం. చిన్న కార్లలో ఫస్ట్ గేరులో ఇంజన్ మూడున్నర చుట్లు తిరిగితే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చేది ఇంచుమించు ఒక్క చుట్టు. వేగం పోయి ఆ మేరకు లాగే శక్తి వస్తుంది. టాప్‌లో ఇంజన్ ఎంత తిరిగితే దాదాపు అంతే, అందుకే అక్కడ వేగం ఉంటుంది, శక్తి ఉండదు. ఫ్లైఓవర్ మొదట్లో టాప్‌లో ఉండి, సగానికొచ్చేసరికి ఇంజన్ గడగడ కొట్టుకుంటుంటే యాక్సిలరేటర్ ఇంకా అదిమేవాళ్లను చూస్తూనే ఉంటాం. "బండి గుంజుతలేదు" అని హైదరాబాద్‌లో, "బండి లాగడం లేదు" అని గుంటూరులో మెకానిక్ దగ్గరికి తీసుకుపోతారు. చాలాసార్లు బండికి ఏ రోగమూ ఉండదు. ఒక గేరు కిందికి దిగమని అడుగుతుంటుంది, అంతే.

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్యన క్లచ్చు ఉంటుంది. తిరిగే చక్రానికి ఒక ప్లేటును స్ప్రింగుల బలంతో అదిమి పెట్టడమే దాని పని. పెడల్ తొక్కితే ప్లేటు విడిపోతుంది, వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. తొక్కడం ఎవరికైనా వస్తుంది, పనితనమంతా వదలడంలో ఉంది. పట్టీపట్టని ఆ నడుమ చోటునే మనవాళ్లు హాఫ్ క్లచ్ అంటారు. నిండు బిందెను చంకలోంచి గట్టు మీదికి దించినట్టు కాలు పైకి రావాలి. ఆ చోటు ప్రతి బండిలోనూ వేరు. ఒకదానిలో పెడల్ కాస్త లేవగానే పట్టేస్తుంది, ప్లేట్లు అరిగిన బండిలో చివరికంటా వదిలితే గానీ పట్టదు. అందుకే కొత్త బండి ఎక్కినప్పుడు పాత డ్రైవర్లు ముందు ఒకటి రెండుసార్లు ఊరికే క్లచ్ తొక్కి వదిలి చూసుకుంటారు.

నా తరంవాళ్లు అదృష్టవంతులో కాదో తెలియదు గానీ, ఒక బండి నేర్చుకుంటే అన్ని బండ్లూ వచ్చినట్టు కాదని మాకు త్వరగానే తెలిసింది. బజాజ్ చేతక్‌లో గేర్లు ఎడమ చేతిలో ఉండేవి. క్లచ్ పట్టుకుని, పిడిని క్లచ్‌తో సహా మణికట్టుతో తిప్పాలి. ఫస్ట్ పైకి, మిగిలిన మూడూ కిందికి. గేరు వైరు తెగిందంటే ఆ క్షణంలో ఏ గేరులో ఉంటే అందులోనే మెకానిక్ షెడ్డు దాకా ప్రయాణం. పాత బుల్లెట్‌లో గేర్లు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. అక్కడా ఫస్ట్ పైకే. దానికి మడమతో తొక్కే చిన్న లీవరు ఇంకోటి ఉండేది, ఫస్ట్ కాక వేరే ఏ గేరులో ఉన్నా ఒక్క తొక్కుతో న్యూట్రల్‌కు తెచ్చేది. మైసూరులో తయారైన జావా, యెజ్డీల్లో కిక్ కొట్టే రాడ్డే మడిస్తే గేరు రాడ్డు. పైగా ఆ రాడ్డు నొక్కితే క్లచ్ తనంతట తానే విడిపోయేది. ఆ తర్వాత వచ్చిన హీరో హోండాలో గేర్లు ఎడమ కాలికి, నాలుగూ కిందికే. బుల్లెట్ దిగి స్ప్లెండర్ ఎక్కినవాళ్లు బ్రేకు అనుకుని గేరు తొక్కడం, గేరు అనుకుని బ్రేకు తొక్కడం కొన్నాళ్లు మామూలే.

ఇన్ని రకాలున్నా తగ్గించే సూత్రం మాత్రం ఒక్కటే. కింది గేరులోకి వస్తున్నామంటే అదే వేగానికి ఇంజన్ ఇంకా గట్టిగా తిరగాలి. ఆ తేడాను ఎవరో ఒకరు పూడ్చాలి. నడిపేవాడు పూడిస్తే బండి సాఫీగా దిగుతుంది. అతను వదిలేస్తే క్లచ్ ప్లేటో, వెనక చక్రమో పూడ్చుకుంటుంది. వానలో తడిసిన సిమెంటు రోడ్డు మీద మోటార్‌సైకిల్‌ను థర్డ్ నుంచి ఫస్ట్‌కు టకటకా కొట్టి క్లచ్ ఠక్కున వదిలితే వెనక చక్రం ఒక్క క్షణం బిగుసుకుని పక్కకు జారుతుంది. అదే, క్లచ్ పట్టుకున్న ఆ రెప్పపాటులో కుడి చేత్తో కొంచెం రేజ్ ఇచ్చి వదిలితే ఏమీ జరగనట్టు దిగిపోతుంది. మోటార్‌సైకిల్‌కు ఇంకో పట్టింపు ఉంది. కారులోలా ఫోర్త్ నుంచి నేరుగా సెకండ్‌కు దూకనివ్వదు, ఒక్కో మెట్టే దిగాలి, అదీ బండి కదులుతుండగానే. సిగ్నల్ దగ్గర థర్డ్‌లోనే ఆగిపోయినవాళ్లు పచ్చదీపం పడ్డాక సీటు మీద కూర్చుని బండిని ముందుకూ వెనక్కూ ఊపుతూ గేరు కోసం తంటాలు పడుతుంటారు. లోపల పళ్లు ఒకదానికొకటి అందాలంటే కాస్త కదలిక కావాలి మరి.

ఈ విద్య నాకు చూపించింది మా ఊరి టాక్సీ స్టాండులో అంబాసిడర్ నడిపే ఒక పెద్దాయన. అందరికీ బాబాయే. ఆ కారులో గేరు రాడ్డు స్టీరింగ్ కింద ఉండేది, అందుకే ముందు సీటు బల్లలాగా సాగి ముగ్గురికి చోటిచ్చేది. పాత అంబాసిడర్‌లో ఫస్ట్ గేరుకు సింక్రో లేదు. సింక్రో అంటే రెండు గేర్ల వేగాన్ని పళ్లు కలిసేలోపు సమానం చేసే ఇత్తడి రింగు. అమెరికాలో క్యాడిలాక్ కార్లలో 1928లోనే ఆ ఏర్పాటు వచ్చింది. మన అంబాసిడర్‌లో పై మూడు గేర్లకూ ఉండి ఫస్ట్‌కు లేకపోవడంతో, కదులుతున్న కారును ఫస్ట్‌లోకి దించబోతే కర్రుమని పళ్లు అరిచేవి. బాబాయి చేతిలో మాత్రం అరిచేది కాదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చేవాడు, క్లచ్ వదిలేవాడు, కుడి కాలితో ఒక చిన్న రేజ్, మళ్లీ క్లచ్, అప్పుడు ఫస్ట్. లారీవాళ్లు డబుల్ క్లచ్ అనేది దీన్నే. చెప్పడానికి ఇంత సేపు పట్టింది గానీ చేయడానికి ఆయనకు క్షణం కూడా పట్టేది కాదు, మాట కూడా ఆపేవాడు కాదు.

ఒకసారి ఆయనతో దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాం. తుమ్మలబైలు దాటాక నల్లమలలో మలుపులు మొదలయ్యాయి. ఆయన ప్రతి మలుపుకూ చాలా ముందే గేరు తగ్గించేస్తున్నాడు. ఎత్తు ఇంకా రాలేదు, ఇంజన్ ఏమీ కష్టపడటం లేదు.

"ఇంకా లాగుతోందిగా బాబాయ్, అప్పుడే ఎందుకు?" అన్నాను.

"లాగనని అది చెప్పేదాకా ఉంటావా బాబూ? చెప్పాక గేరు మారిస్తే ఆ మధ్యలో బండి నిలబడిపోద్ది. ఎత్తు కనపడగానే దిగిపోవాల."

తిరుగు ప్రయాణంలో ఇంకో మాట చెప్పాడు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు." ఘాట్లు తిరిగే డ్రైవర్లు ఎవరిని కదిలించినా ఈ మాటే చెబుతారు. దీని వెనకున్నది సాదా లెక్క. కొండ దిగుతున్న బండి బరువంతా వేగంగా మారాలని చూస్తుంది. దాన్ని బ్రేకుతోనే ఆపుతూ పోతే ఆ శక్తంతా వేడిగా మారి లైనర్ల మీదా, డిస్కుల మీదా పడుతుంది. వేడి ఒక హద్దు దాటాక బ్రేకు పట్టు తగ్గుతుంది. ఇంకా ముదిరితే పైపుల్లో బ్రేక్ ఆయిల్ మరిగి, తొక్కిన పెడల్ మెత్తగా కిందికి పోతుంది. పేపర్లో మర్నాడు 'బ్రేకులు ఫెయిలై' అని వస్తుంది. చాలా సందర్భాల్లో బ్రేకులు వాటంతటవి ఫెయిల్ కావు, అలసిపోయేదాకా తొక్కించుకుంటాయి. సెకండ్‌లో దిగితే చక్రాలే ఇంజన్‌ను తిప్పాల్సి వస్తుంది, ఆ బరువు మోయడంలో వాటి జోరు తగ్గుతుంది. బ్రేకుతో అప్పుడప్పుడూ ఒక పట్టు పట్టి వదిలితే చాలు, అవి మధ్యలో చల్లారతాయి.

ఇక్కడే మన ఇళ్లలో తరాలుగా నడుస్తున్న ఒక పొదుపు సలహా అడ్డం వస్తుంది. "దిగుడే కదా, న్యూట్రల్ కొట్టు, పెట్రోలు మిగులుతుంది." ఈ సలహాకు ఒక చరిత్ర ఉంది. పాత టూ స్ట్రోక్ స్కూటర్లలో ఇంజనుకు నూనె పెట్రోలుతో కలిసే వెళ్లేది. బంకులో టూటీ ఆయిల్ కలిపి పోయించుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కొండ దిగుతూ గేరులో ఉండి రేజ్ పూర్తిగా మూసేస్తే పెట్రోలుతో పాటు నూనె కూడా ఆగిపోయేది. ఇంజన్ మాత్రం గిర్రున తిరుగుతుండేది. నూనె చాలక పిస్టన్ పట్టేసేది. అందుకని తెలిసినవాళ్లు మధ్యమధ్య క్లచ్ పట్టుకుని ఒక రేజ్ ఇచ్చి నూనె అందించేవాళ్లు. తెలియనివాళ్లకు అది న్యూట్రల్‌లో దిగడంలాగే కనిపించి ఉంటుంది. కార్బురేటర్ బండ్లలో ఎంతో కొంత పెట్రోలు మిగిలిన మాటా నిజమే కావచ్చు. ఇప్పటి ఇంజన్లలో లెక్క తారుమారైంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కారును గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయని కంప్యూటరు గ్రహించి ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ కొడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోయాల్సిందే. అంటే గేరులో దిగడమే పొదుపు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చాక మోటార్‌సైకిళ్లు కూడా చాలావరకు ఇంజెక్షన్‌కే మారాయి. ఇంకా కొందరు ఏకంగా ఇంజన్ ఆపేసి దిగుతారు. అప్పుడు రెండు మూడు తొక్కులకే బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. చెంచాడు పెట్రోలు కోసం చేసే సాహసం ఇది.

ఎవరెలా నడుపుతారో కడుపు కోసి చూసేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఉంటారు. అక్కడ గేర్‌బాక్సులు విప్పే ఒక మేస్త్రి దగ్గర కూర్చోవడం నాకిష్టం. కిరోసిన్ తొట్టిలో కడిగిన ఇత్తడి రింగులను గోనెపట్టా మీద వరసగా పేర్చి, ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. కొత్త రింగు లోపలి అంచున సన్నటి గాళ్లు వేలికి గరుకుగా తగులుతాయి. ఇది గాజులా నున్నగా అయిపోయింది. బయటి పళ్ల కొనలు మొద్దుబారాయి.

"సెకండ్‌ది సార్. ఎక్కువగా ఇదే పోద్ది" అన్నాడు.

ఎందుకని అడిగాను. "పైనుంచి దిగేవాళ్లందరూ దీని మీదే దిగుతారు కదండీ. స్పీడు తగ్గకుండానే నెట్టేస్తారు. ఒక్క క్షణం ఆగి నెడితే దాని పని అది చేసుకుంటది. ఆగరు."

రిలీజ్ బేరింగ్ మీదా ఆయనకు ఇలాంటి ఫిర్యాదే ఉంది. నడిపినంతసేపూ ఎడమ కాలు క్లచ్ పెడల్ మీదే ఆనించి ఉంచేవాళ్ల బండ్లలో అది గీపెట్టడం మొదలెడుతుందట. ప్లేట్లూ తొందరగా కాలతాయి. ఆ కాలిన వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోలేం. ట్రాఫిక్‌లో ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీదే కారును నిలబెట్టే గొప్పవాళ్లు ప్రతి సిగ్నల్ దగ్గరా కనిపిస్తారు. ఆ గొప్ప ఖరీదు వాళ్లకు ఆటోనగర్‌లో తెలుస్తుంది.

ఇదంతా చదివి నేను ఆటోమేటిక్ బండ్ల మీద కత్తి కట్టాననుకునేరు. అలాంటిదేమీ లేదు. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా క్లచ్ తొక్కిన మోకాలిని అడిగితే ఆటోమేటిక్ విలువ అది చెబుతుంది. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు లేవు, కిక్ కొట్టే పనీ లేదు, బటన్ నొక్కితే స్టార్టు. ఆ తర్వాత స్కూటీలు, యాక్టివాలు. మన ఊళ్లలో టీచరమ్మలు, నర్సులు, కాలేజీ పిల్లలు ఎవరినీ వెంట రమ్మని అడగకుండా బయటికెళ్లగలిగారంటే అందులో ఈ గేర్లు లేని బండ్ల వాటా పెద్దది. చేతక్‌ను వంచి వంచి కిక్ కొట్టే మగవాళ్ల విద్య కన్నా సమాజానికి అదే ఎక్కువ మేలు చేసింది. కార్లలో 2014లో మారుతీ సెలెరియోతో ఏఎంటీ వచ్చాక, మధ్యతరగతి ధరలో క్లచ్ పెడల్ మాయమైంది. లోపల గేర్‌బాక్స్ పాతదే, క్లచ్ పాతదే. వాటిని తొక్కి మార్చే పని ఒక యంత్రానికి అప్పగించారు.

నా అభ్యంతరం ఒక్క చోటే. రోడ్డు ఎక్కడ పల్లమవుతుందో ఆ యంత్రానికి ముందుగా కనపడదు. మన్ననూరు అడవి దాటి, ఈగలపెంట తర్వాత రోడ్డు కృష్ణ వైపు దిగడం మొదలుపెట్టగానే యాక్సిలరేటర్ వదులుతాం. కాలు తీశారంటే తాపీగా పోదామనుకుంటున్నారు కాబోలు అనుకుని కొన్ని ఏఎంటీలు పై గేరుకు వెళ్లిపోతాయి. మనకు కావలసింది సరిగ్గా దానికి ఎదురు. అందుకే వాటికి మాన్యువల్ మోడ్ పెట్టారు, కొన్నింటికి ఎల్ అని ఉంటుంది. రాడ్డును అటు జరిపి సెకండ్‌లో పట్టి ఉంచితే ఇంజన్ బరువు చక్కగా అందుతుంది. కొన్నవాళ్లలో ఎంతమంది ఆ మోడ్‌ను వాడారో షోరూమ్‌వాళ్లకే అనుమానం. గేర్లు లేని స్కూటర్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వేగం బాగా తగ్గాక వాటి క్లచ్ దానంతటదే విడిపోతుంది, అప్పుడు బండిని పట్టేది బ్రేకులే. వాటి మీద ఇద్దరు కూర్చుని ఘాట్ దిగేటప్పుడు మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగి టీ తాగడం భద్రతా చర్యే. కొత్తగా వచ్చిన కరెంటు బండ్లలో గేర్లూ లేవు, క్లచ్చూ లేదు. కానీ రేజ్ వదిలితే మోటారే జనరేటరుగా మారి బండిని వెనక్కి పట్టి, బ్యాటరీకి కాస్త కరెంటు కూడా చేరుస్తుంది. బాబాయి సెకండ్ గేరుతో చేసిన పనిని ఇవి వేరే దారిలో చేస్తున్నాయి. ఆయన ఉంటే సంతోషించేవాడు. కాకపోతే, ఫుల్ ఛార్జింగ్‌తో కొండ మీద నుంచి బయల్దేరితే కరెంటు పోయడానికి బ్యాటరీలో చోటుండదు, ఆ పట్టు తగ్గిపోతుంది అని తెలిశాక, "చూశావా, దీనికీ ముందుచూపు కావాల" అనేవాడు.

మా అమెరికా చుట్టాలు సెలవులకు వచ్చినప్పుడు అక్కడి హైవేల గురించి చెబుతారు. అక్కడ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ నుంచే ఆటోమేటిక్‌లు జనంలోకి వచ్చాయి, ఎడమ కాలికి పని లేక రెండు మూడు తరాలు గడిచాయి. అయినా అక్కడి కొండ రోడ్ల మీద గేరు తగ్గించమని చెప్పే బోర్డులు కనిపిస్తూనే ఉంటాయట. క్లచ్ పోయినా పల్లం పోలేదు కదా. మన దగ్గర లైసెన్సు చట్టం మోటార్‌సైకిళ్లను గేరున్నవి, గేరు లేనివి అని విడదీస్తుంది. కార్లను విడదీయదు. ఆటోమేటిక్ కారులో పరీక్ష పాసైన అమ్మాయి రేపే మాన్యువల్ కారు ఎక్కవచ్చు. చట్టం ప్రకారం తప్పు లేదు. కాబట్టి నేర్పే బాధ్యత ఇంట్లోవాళ్ల మీదా, డ్రైవింగ్ స్కూలు మీదా ఎక్కువగా పడుతుంది.

ఈ వేసవిలో పిల్లలకు బండి నేర్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఖాళీ మైదానంలో గుండ్రంగా తిప్పించింది చాలు. ఊరి చివర చెరువుకట్టో, రైల్వే బ్రిడ్జో, ఏదో ఒక వాలు చూసుకోండి, జనం తక్కువగా ఉండే వేళ వెళ్లండి. ఎత్తు రాకముందే గేరు తగ్గించి ఎక్కించండి. మధ్యలో ఆపించి, హ్యాండ్ బ్రేక్‌తో పట్టి, వెనక్కి జారకుండా కదిలించమనండి. పైకి చేరాక అదే గేరులో, బ్రేకు మీద కాలు ఊరికే ఆనించకుండా, కిందికి దించమనండి. ఆటోమేటిక్ అయితే ఆ మాన్యువల్ మోడ్ ఎక్కడుందో వెతికించి, దానితోనే దించండి. ఇవి చేయగలిగినవాడికి టాప్ గేర్ వేయడం ఒక పూటలో వస్తుంది. టాప్ గేర్ మాత్రమే వచ్చినవాడికి మీ కారు తాళాలు ఇంకొన్నాళ్లు ఇవ్వకండి.